నిమ్మకాయ తీసేస్తే సరిపోదు, ధర్మకాంటా ఎక్కించాలి

మా ఖిదిర్‌పూర్‌లో ఏటా సెప్టెంబరు 17 ప్రాంతంలో ఒక రోజు గ్యారేజీలన్నీ పని ఆపేస్తాయి. ఆ రోజు విశ్వకర్మ పూజ. మన వైపు దసరాకు చేసే ఆయుధపూజ లాంటిదే కాని, కలకత్తాలో హడావిడి ఎక్కువ. డాక్ రోడ్డులో నిలబడిన లారీలకు, ఆటోలకు, లేతు మిషన్లకు, వెల్డింగు సెట్లకు, చివరికి పంక్చర్ షాపులో గాలి కొట్టే కంప్రెసర్‌కు కూడా బంతిపూల దండ పడుతుంది. మేడల మీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. పూజ అయ్యాక మధ్యాహ్నం అందరికీ భోజనాలు.

ఇక్కడి మెకానిక్కుల్లో ముస్లింలు చాలామంది ఉన్నారు. వారి బళ్ళ అద్దం మీద 786 అని రాసి ఉంటుంది. కొన్ని బళ్ళకు శిలువ వేలాడుతుంది. కొన్నిటికి మూడూ ఉంటాయి, కింద నిమ్మకాయా మిరపకాయలూ అదనం. ఎవరు కాపాడితే ఏమి, కాపాడితే చాలు అన్నట్టుగా.

మిత్రులారా, ఈ నమ్మకాల మీద మనం చాలాకాలంగా రాస్తున్నాం, మాట్లాడుతున్నాం. నిమ్మకాయకు చక్రాన్ని ఆపే శక్తి లేదని మనకు తెలుసు. దాని గురించే మళ్ళీ రాసి మీ సమయం వృథా చేయను. ఈసారి నా విమర్శ మన మీద. అంటే హేతువాదులమని చెప్పుకునే నా మీద, నా మిత్రుల మీద. మేము నిమ్మకాయ కట్టకుండా ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టాం. అది ఎలా జరిగిందో చెబుతాను.

మా ప్రచార వాహనం

2022 చివర్లో మా మిత్రబృందం చందాలు వేసుకుని సెకండ్ హ్యాండు గూడ్స్ వ్యాన్ ఒకటి కొన్నది. బృందంలో తెలుగువాళ్ళం కొందరం, బెంగాలీలు కొందరు. ఆ వ్యాన్‌ను పుస్తకాలు, మైకు, మహిమల గుట్టు విప్పే ప్రదర్శన సామాగ్రితో ఊరూరా తిరిగే వాహనంగా మార్చాలని మా ఆలోచన. లోపల పుస్తకాల అరలు, వెనక నలుగురు కూర్చునే బల్లలు, పైన క్యారియర్, మైకుకు బ్యాటరీలు. దగ్గర్లోని ఒక గ్యారేజీకి పని అప్పగించాం. కొన్ని పాత సామాన్లు మల్లిక్ బజార్ నుంచి తెచ్చుకున్నాం.

పని పూర్తయిన రోజు మేస్త్రీ నిమ్మకాయలు తెచ్చి, నాలుగు చక్రాల కింద పెట్టి తొక్కిద్దామన్నాడు. మేము వద్దన్నాం. వద్దనడమే కాదు, అక్కడ చేరిన కుర్రవాళ్ళకు పావుగంట ఉపన్యాసం ఇచ్చాం. నేనే ఇచ్చాను. నిమ్మకాయకు, బ్రేకుకు సంబంధం లేదని, బ్రేకు బాగుంటే నిమ్మకాయ అక్కర్లేదని, బాగులేకపోతే నిమ్మకాయ పనికిరాదని చెప్పాను. బాగా మాట్లాడానని అందరూ అన్నారు.

బ్రేకు బాగుందో లేదో మాత్రం చూడలేదు.

మా బృందంలో ఒకరు, "వెనక ఇంత సామాను ఎక్కించాం, బరువు సరిపోతుందా?" అని అడిగారు. మేస్త్రీ నవ్వి, "కిచ్ఛు హోబే నా, దాదా" అన్నాడు. ఏమీ కాదు అని అర్థం. కలకత్తాలో ఈ మాట రోజుకు వందసార్లు వింటాం. ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం. మేము తృప్తిపడ్డాం.

2023 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ప్రదర్శన ముగించుకుని తిరిగి వస్తున్నాం. ఆదిగంగ మీది ఖిదిర్‌పూర్ వంతెన దిగుతున్నాం. వ్యాన్‌లో ఆరుగురం. వేగం గంటకు 30 కిలోమీటర్లకు మించి లేదు. ముందు ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు కీచుమన్నాయి, వ్యాన్ ముక్కు కిందికి వంగింది, కాని బండి వెళ్ళవలసిన దానికంటే రెండు మూడు మీటర్లు ఎక్కువ వెళ్ళింది. ఆ రెండు మూడు మీటర్లలో తోపుడుబండి ఉంది, దాన్ని తోస్తున్న మనిషి ఉన్నాడు. అతని ముంజేయి విరిగింది.

ఆస్పత్రికి మేమే తీసుకెళ్ళాం. వైద్యానికి, పని మానుకున్న రోజులకు డబ్బు ఇచ్చాం. కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ అతను నాతో, "కపాలే ఛిలో, బాబూ" అన్నాడు. నుదుట రాసి ఉంది, జరిగింది అని.

ఆ మాట విన్నప్పుడు నాకు ఊరట కలిగింది. దాచుకోను, నిజంగానే ఊరట కలిగింది. అతను మమ్మల్ని తిట్టలేదు, పోలీసు స్టేషనుకు పోదామనలేదు. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే సిగ్గువేసింది. కర్మ సిద్ధాంతం పేదవాడిని లొంగదీస్తుందని నలభై ఏళ్ళుగా చెబుతున్న వాడిని, అదే సిద్ధాంతం నన్ను నిర్దోషిగా విడిచిపెడితే తల ఊపి ఊరుకున్నాను. నుదుటిరాత అనే మాట వల్ల లాభం ఎవరికి? దెబ్బతిన్నవాడికి కాదు, దెబ్బకొట్టినవాడికి. ఆ రోజు దెబ్బకొట్టినవాళ్ళం మేము.

లెక్క చూస్తే

రక్షణశాఖ లెక్కల విభాగంలో నా ఉద్యోగజీవితమంతా గడిచింది. సరుకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మంజూరు ఎంత, మించిందెంత, ఇదే పని. మంజూరు లేకుండా రూపాయి ఖర్చయినా అభ్యంతరం రాసేవాడిని. వ్యాన్ విషయంలో ఆ పని ఎందుకు చేయలేదో నాకే అర్థం కాదు. ప్రమాదం జరిగాక చేశాను.

మా వ్యాన్ ఆర్‌సీలో ఖాళీ బరువు 940 కిలోలు, మొత్తం అనుమతించిన బరువు 1,540 కిలోలు. అంటే మాకు మంజూరైన బడ్జెట్ 600 కిలోలు. డ్రైవరుతో సహా, మనుషులతో సహా, మేకులతో సహా. ఇక ఖర్చు పద్దు చూడండి.

ప్లైవుడ్ నాలుగు షీట్లు 140 కిలోలు. 18 మిల్లీమీటర్ల షీటు ఒక్కొక్కటి సుమారు 35 కిలోలు ఉంటుందని మనలో ఎందరికి తెలుసు? ఇనుప యాంగిల్ ఫ్రేము, బల్లలు 85. రెండు బ్యాటరీలు, ఇన్వర్టరు 130. చిన్న జనరేటరు 40. పుస్తకాలు 500, సగటున పావుకిలో చొప్పున 125. పైన క్యారియరు, మైకు హారన్లు 70. నీళ్ళ క్యాన్లు 40. మొత్తం 630 కిలోలు.

ఒక్క మనిషి ఎక్కకముందే బడ్జెట్ దాటి 30 కిలోలు ఎక్కువ. ఆరుగురం ఎక్కితే, తలకు 65 చొప్పున, మరో 390. మొత్తం 1,020. మంజూరు 600, ఖర్చు 1,020. ఏ ఆఫీసులోనైనా ఇలాంటి పద్దు నా బల్ల మీదికి వచ్చి ఉంటే సంబంధిత అధికారికి నిద్ర ఉండేది కాదు.

కాగితం మీద లెక్క చాలదని వ్యాన్‌ను డాక్ వైపు ఉన్న వేబ్రిడ్జికి తీసుకెళ్ళాం. లారీలు తూచే కాటా. దీన్ని ఇక్కడి హిందీవాళ్ళు ధరమ్ కాంటా అంటారు, మన తెలంగాణలోనూ ధర్మకాంటా అంటారు. మనుషులు దిగిన తర్వాత కూడా 1,580 వచ్చింది. నా కాగితం లెక్కకు 10 కిలోల తేడా. ఆ రసీదుకు అయిన ఖర్చు నిమ్మకాయల దండకంటే పెద్ద ఎక్కువేమీ కాదు. రెండు నెలల ముందే ఆ డబ్బు ఖర్చుపెట్టి ఉంటే ఒక మనిషి చెయ్యి విరిగేది కాదు.

వాల్వుకు చెప్పిన అబద్ధం

బరువు ఒక్కటే కారణం కాదు. మిలటరీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయిన మిత్రుడొకరు వ్యాన్ కింద పడుకుని చూశారు. వెనక భాగం కుంగకుండా ఉండాలని గ్యారేజీవాళ్ళు చెరో వైపు ఒక్కో కమాను పట్టీ అదనంగా వేశారు. చూడ్డానికి బండి నిటారుగా, ధీమాగా నిలబడింది. మేమూ మెచ్చుకున్నాం. అసలు చిక్కు అక్కడే.

చాలా వ్యాన్లలో వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుంది. లోడును బట్టి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో అది నిర్ణయిస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలకు గట్టిగా బ్రేకు పడితే అవి బిగుసుకుపోయి బండి పక్కకు తిరిగిపోతుంది. అందుకని ఖాళీ బండిలో ఆ వాల్వు వెనక్కి ఒత్తిడి తగ్గిస్తుంది, లోడు ఉంటే పెంచుతుంది. లోడు ఉందో లేదో దానికి ఎలా తెలుస్తుంది? ఒక కడ్డీ ద్వారా. బాడీ కిందికి కుంగి ఇరుసుకు దగ్గరయితే లోడు ఉన్నట్టు, ఎత్తుగా ఉంటే ఖాళీ అన్నట్టు.

మేము 600 కిలోలకు పైగా ఎక్కించి, కమాన్లు గట్టిచేసి, బాడీని ఎత్తుగానే నిలబెట్టాం. వాల్వు దృష్టిలో మా వ్యాన్ ఎప్పుడూ ఖాళీయే. అది తన ధర్మం ప్రకారం వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గించింది. భారమంతా ముందు బ్రేకుల మీద పడింది. లెక్కల భాషలో చెప్పాలంటే మేము తప్పుడు ఎంట్రీ వేశాం, వాల్వు ఆ ఎంట్రీని నమ్మింది. యంత్రానికి భక్తి లేదు, కోపం లేదు, మనం ఇచ్చిన సమాచారం మీద పనిచేయడం తప్ప దానికేమీ తెలియదు.

దీని ఫలితం ఎంత? సాధారణ గణితం. గంటకు 30 కిలోమీటర్లు అంటే సెకనుకు 8.3 మీటర్లు. బ్రేకులు సరిగా పనిచేసి వేగం సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గితే బండి సుమారు 5.8 మీటర్లలో ఆగుతుంది. 4 మీటర్ల చొప్పునే తగ్గితే 8.7 మీటర్లు పడుతుంది. తేడా దాదాపు 3 మీటర్లు, అంటే ఒక తోపుడుబండి, దాన్ని తోసే మనిషి. అదే 60 కిలోమీటర్ల వేగంలో అయితే తేడా పదకొండు మీటర్లు దాటుతుంది. హైవే మీద ఉండి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాడిని కాదేమో.

బరువు ఎవరి మాటా వినదు

2018 సెప్టెంబరు 4న మా ఇంటికి ఎంతో దూరం లేని మాఝేర్‌హాట్ వంతెన కూలింది. ముగ్గురు చనిపోయారు. ఏళ్ళ తరబడి తారు మీద తారు పొరలు పోయడం వల్ల వంతెన మోయవలసిన బరువు పెరిగిందని ఇంజనీర్లు చెప్పారు. ఒక్కో పొర పోసినప్పుడు రోడ్డు నున్నగా కనిపించింది. కింద ఉన్న గర్డరును ఎవరు అడిగారు?

సరిగ్గా వారం తర్వాత, సెప్టెంబరు 11న, కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. సీట్లకు మించి, దాదాపు వందమంది ఆ బస్సులో ఉన్నారు. వాళ్ళలో అంజన్న దర్శనం చేసుకుని దిగుతున్నవాళ్ళూ ఉన్నారు. చనిపోయినవాళ్ళ భక్తిని నేను అవమానించడం లేదు. వాళ్ళకు భక్తి తక్కువై చనిపోలేదు. వందమందిని మోస్తూ ఘాట్ దిగే బండికి ఆగడానికి కావలసిన దూరం ఏ దేవుడి దగ్గరా తగ్గదు. నాస్తికులు వందమంది ఎక్కినా అంతే జరిగేది. మా వ్యాన్‌లో అదే జరిగింది, చిన్న ఎత్తున.

2025 అక్టోబరులో పది రోజుల తేడాతో రెండు బస్సులు తగలబడ్డాయి. 14న రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర, 24న మన కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద. కర్నూలులో బస్సు ప్రయాణికులే 19 మంది కాలిపోయారు. రెండు చోట్లా ఆ బస్సులకు చేసిన మార్పుల గురించి పత్రికల్లో వచ్చింది. బండి తయారైనప్పుడు లేని పరుపులు, తెరలు, వైర్లు తర్వాత చేరిస్తే మంట ఎంత వేగంగా పాకుతుంది, బయటికి దారి ఎంత ఇరుకవుతుంది అనేది జాతకంలో దొరకదు. కొలిచి చూడాలి.

రంగు గురించి చర్చ, బరువు గురించి మౌనం

మా వ్యాన్ గ్యారేజీలో ఉన్న రోజుల్లోనే మరో ప్రచార వాహనం తెలుగు పత్రికలను నింపేసింది. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ తన ఎన్నికల వాహనాన్ని చూపించారు. దాని పేరు వారాహి. వెంటనే దాని రంగు మీద రభస మొదలైంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణశాఖ వాహనాలకు మాత్రమే. ఇది ఆలివ్ గ్రీన్ అని ప్రత్యర్థులు, కాదు ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా అధికారులు. జీవితమంతా ఆ ఆలివ్ గ్రీన్ బళ్ళ లెక్కలు రాసిన నాకు ఆ వాదన చదువుతుంటే నవ్వు వచ్చింది. తర్వాత 2023 జనవరి 24న ఆ వాహనానికి కొండగట్టులో పూజ చేయించారు. అవును, అదే కొండగట్టు. దాని మీదా వార్తలే వార్తలు.

ఆ వాహనంలో లోపం ఉందని నేను అనడం లేదు. పత్రాలన్నీ సరిగా ఉన్నాయనే అధికారులు రిజిస్టర్ చేశారు. నా ప్రశ్న మన గురించి. ఆ రెండు నెలల్లో నేను చదివిన వార్తల్లో రంగు ఉంది, పేరు ఉంది, పూజ ఉంది. పైన మనుషులు నిలబడే వాహనానికి గరిమనాభి ఎంత ఎత్తున ఉంటుంది, మలుపులో ఎంత వేగం దాటకూడదు, ఆగడానికి ఎంత దూరం కావాలి అన్న ప్రశ్న నాకు కనబడలేదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్పించి రాష్ట్రమంతా తిరిగారు. నడిపినవారు హరికృష్ణ. ఆ రథం గురించి నలభై ఏళ్ళుగా కథలు చెప్పుకుంటున్నాం. దాని బ్రేకులు ఎవరు చూశారో, కమాన్లు ఎవరు మార్చారో ఆ పేరు లేని మెకానిక్ గురించి ఒక్క కథ నేను వినలేదు. రథం అనగానే మన కళ్ళు పైకే చూస్తాయి. చక్రాల వైపు చూడవు.

"పూజ చేస్తే పోయేదేముంది?"

భక్తులు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. నేను నిజాయితీగానే జవాబు చెబుతాను. విశ్వకర్మ పూజకు ముందు రోజు మా వీధి గ్యారేజీల్లో మిషన్లన్నీ కడిగి, తుడిచి, నూనె వేస్తారు. ఏడాదిలో చాలా మిషన్లకు అదొక్కటే శుభ్రం. కార్మికుడికి ఒక రోజు సెలవు, మంచి భోజనం. ఇందులో నాకు అభ్యంతరం లేదు. ఆ కడగడం, నూనె వేయడం పనిచేస్తుంది. హారతి పనిచేయదు. చిక్కేమిటంటే, పనిచేసిన దాని పేరు హారతికి పోతుంది. వచ్చే ఏడు నూనె మర్చిపోయినా హారతి మర్చిపోరు.

2025 సెప్టెంబరులో ఢిల్లీలో ఒక షోరూము మొదటి అంతస్తులో ఒకామె కొత్త కారుతో నిమ్మకాయ తొక్కించబోయి, యాక్సిలరేటరు ఎక్కువ తొక్కి, అద్దం పగలగొట్టుకుని రోడ్డు మీద పడింది. అదృష్టవశాత్తు బతికింది అని అందరూ అన్నారు. ఆ కారులో గాలిసంచులు తెరుచుకున్నాయి. వాటిని తయారుచేసిన ఇంజనీర్ల పేరు మనకు అదృష్టం.

ఇక రెండో వాదన, "మేస్త్రీకి ముప్పై ఏళ్ళ అనుభవం". ఇది మనవాళ్ళ వాదన, అందుకే ఎక్కువ ప్రమాదకరం. మేస్త్రీ అనుభవంలో ఏముంది? పని చేయించుకుని మళ్ళీ అతని దగ్గరికి వచ్చిన బళ్ళు. ఎక్కడో హైవే మీద బోల్తాపడిన బండి యజమాని తిరిగి వచ్చి, "నీ కమాను పట్టీ వల్ల ఇలా జరిగింది" అని చెప్పడు. చెప్పడానికి అతనికీ తెలియదు, అతను నుదుటిరాత అనుకుంటాడు. అంటే అనుభవం అనే పుస్తకంలో జమలే రాస్తారు, ఖర్చులు రాయరు. జ్యోతిష్కుడి లెక్క కూడా ఇదే కదా? ఫలించినవి గుర్తుంటాయి, ఫలించనివి ఎవరూ లెక్కపెట్టరు. మేస్త్రీ నైపుణ్యాన్ని నేను కాదనను. వెల్డింగులో అతని చేతికి సాటి లేదు. కాని కొలవకుండా చెప్పిన "ఏమీ కాదు", మంత్రం చదివి చెప్పిన "ఏమీ కాదు" ఒకటే. మొదటిదాన్ని నమ్మి రెండోదాన్ని వెక్కిరించడం హేతువాదం కాదు.

మార్చదలచిన మిత్రులకు

టిఫిన్ బండి కావచ్చు, పుస్తకాల వాహనం కావచ్చు, వ్యాన్‌ను మార్చదలచినవారు ఈ పనులు చేయండి. మేము చేయనివి ఇవే.

1. ముందు ఆర్‌సీ చదవండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. గూడ్స్ వ్యాన్‌లో వెనక బల్లలు వేసి మనుషులను ఎక్కించడం తప్పే. మేము చేసింది అదే. కారవాన్లకు ఏఐఎస్-124, అంబులెన్సులకు ఏఐఎస్-125 అని ప్రమాణాలు ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో అడగండి. ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

2. బరువు పద్దు రాయండి. వ్యాన్‌ను మూడుసార్లు తూచండి. ఖాళీగా ఒకసారి, మార్పుల తర్వాత ఒకసారి, మనుషులు సామాన్లతో ఒకసారి. వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇరుసు బరువు కూడా చూడండి. బరువైన వస్తువులు కిందనే, ఇరుసుల మధ్యనే ఉండాలి. పైన క్యారియర్ మీద బరువు పెరిగితే మలుపులో బండి ఒరుగుతుంది.

3. కొన్నిటిని ముట్టుకోవద్దు. బ్రేకు పైపులు, లోడు వాల్వు, కమాన్లు, స్టీరింగు, డీజిల్ పెట్రోలు పైపులు. బరువు ఎక్కువై బండి కుంగితే బరువు తగ్గించండి, కమాను పెంచవద్దు. షాసీ మీద వెల్డింగు వద్దు, ఉన్న రంధ్రాలకే బోల్టులు బిగించండి. రంధ్రం వేయక తప్పకపోతే అవతలివైపు ఏముందో ముందు కిందికి వంగి చూడండి. బాడీకి వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు విప్పేయండి.

4. కరెంటు వేరుగా పెట్టుకోండి. బండి వైర్లను కోసి మెలితిప్పి టేపు చుట్టడం వద్దు. రెండో బ్యాటరీ, దానికి జానెడు దూరంలోనే ఫ్యూజు, కరెంటుకు తగిన మందం వైరు. ఇనుప రేకులోంచి వైరు దూర్చేచోట రబ్బరు వాషరు. సాధారణ బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి బయటికి పోయే దారి ఉండాలి.

5. గ్యాసు విషయంలో మొహమాటం వద్దు. ఇంటి సిలిండరుతో బండి నడపడం నేరం. టిఫిన్ బండిలో సిలిండరు నిలువుగా, కదలకుండా బిగించి ఉండాలి. వంటగ్యాసు గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. కాబట్టి గాలి రంధ్రం నేల దగ్గర ఉండాలి. నేల రేకులో మీరు చేసిన రంధ్రాలు మూసేయండి, సైలెన్సరు పొగ లోపలికి వస్తే అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

6. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి. అరలు దానికి అడ్డం రాకూడదు. చేతికి అందేచోట అగ్నిమాపక సిలిండరు ఉండాలి.

7. చివరగా, ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో బ్రేకు వేసి, ఆగిన దూరం టేపుతో కొలవండి. లోడు లేకుండా, లోడుతో. రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. తేడా చాలా ఎక్కువ ఉంటే ఆ బండిని రోడ్డు మీదికి తీసుకురావద్దు.

మేము మా వ్యాన్‌లో చేసిన మార్పులన్నీ విప్పేశాం. అదనపు కమాన్లు తీసేసి, వాల్వు కడ్డీ సరిచేయించి, ఆర్‌సీలో ఉన్నట్టుగా చేశాం. ఇప్పుడు సామాను సామానుగానే వెళుతుంది. పుస్తకాల పెట్టెలు 125 కిలోలు, మడతబల్లలు 20, మైకు 30, ఒక చిన్న బ్యాటరీ 30, డ్రైవరూ మరొకరూ కలిపి 130. మొత్తం 335. పెట్టెలను పట్టీలతో బిగించి కడతాం. మిగతావాళ్ళం బస్సులో వెళతాం. చూడ్డానికి గొప్పగా లేదు. ప్రచార రథంలా అసలు లేదు.

భారత రాజ్యాంగం 51ఎ అధికరణలో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని రాశారు. 1976లో 42వ సవరణతో చేరిన మాట అది. సభల్లో మనం దాన్ని ఎన్నోసార్లు వినిపించాం. ఎదుటివాడి నిమ్మకాయ తీసేయడానికి మాత్రమే ఆ అధికరణ లేదు. మన చేతిలో ఉన్న స్టీరింగుకు కూడా అది వర్తిస్తుంది.

ఆ తోపుడుబండి మనిషి ఇప్పుడు మళ్ళీ పని చేసుకుంటున్నాడు. చలికాలంలో ముంజేయి లాగుతుందంటాడు. ఈమధ్య అతన్ని వేబ్రిడ్జి దగ్గరికి పిలిచి, పాత రసీదు చూపించి, ఆ రోజు మా వ్యాన్‌లో ఎన్ని కిలోలు ఎక్కువ ఉన్నాయో వివరించాను. "నుదుటిరాత కాదు, మా తప్పు" అన్నాను. రసీదు తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత, "ఆ రోజే చెప్పి ఉండాల్సింది, బాబూ" అన్నాడు.

అతను చెప్పింది నిజం. ఆలోచించండి.